బావ కట్టిన చెట్టు, నేను చేసిన దేవుడు

దేవుణ్ణి నమ్ముకుని చెడిపోయినవాడు లేడంటారు. దేవుణ్ణి తయారు చేసి చెడిపోయినవాడు మాత్రం ఒకడున్నాడు. వాడే మీకిప్పుడు ఈ కథ చెబుతున్నాడు. ఒక్క వినాయక చవితికి మా బావ రెండేళ్ళ కష్టాన్ని, మా అక్క నా మీద పెట్టుకున్న నమ్మకాన్ని, మిర్యాలగూడలో నాకున్న పిసరంత పరువును కలిపి ఒక పాత తలుపు మీద పెట్టి, డప్పుల మోతతో సాగర్ కాలువలో వదిలిపెట్టాను. నా అంత పద్ధతిగా, పసుపు కుంకుమలు పెట్టి మరీ కొంప ముంచినవాడు మా జిల్లాలో ఇంకొకడుంటే చూపించండి, కాళ్ళు మొక్కుతాను.

ఇది సెల్‌ఫోన్లలో కెమెరాలు వచ్చిన కొత్తలో, తెలంగాణ ఇంకా రాకముందు సంగతి. నాకు డిగ్రీ అయిపోయింది, ఉద్యోగం దొరకలేదు, తెలివి మాత్రం పొంగి పొర్లుతోంది. ఈ మూడూ ఒకే మనిషిలో కలిస్తే ఏమవుతుందో ఇంట్లో అలాంటి కొడుకున్న వాళ్ళకు నేను చెప్పక్కర్లేదు.

మా సునీతక్క భర్త యాదగిరి బావ. మేళ్లచెరువు దగ్గర ఒక సిమెంటు ఫ్యాక్టరీలో, ల్యాబులో పని. పగలంతా సున్నపురాయి పొడిని పరీక్ష చేసేవాడు. సాయంత్రం స్నానం చేసి, టీ తాగి, పిల్లలాడుకునే ప్లాస్టిక్ ఇటుకలు ముందేసుకుని కూర్చునేవాడు. అవేనండీ, పైన చిన్న చిన్న బొడిపెలుండి ఒకదాని మీద ఒకటి టక్కుమని అతుక్కుంటాయే, ఆ ఇటుకలు. వాటితో ఇళ్ళూ కార్లూ కట్టేవాళ్ళను చూశాం. మా బావ చెట్లు కట్టేవాడు. అవీ బొమ్మ చెట్లు కాదు, అచ్చం చెట్లు.

మా అమ్మ బాధ వేరు. "తాగే అల్లుళ్ళున్నరు, పేకాడే అల్లుళ్ళున్నరు. ఇటుకలాడే అల్లుడు నాకే దొరికిండు" అని నుదురు కొట్టుకునేది.

బావకు మాత్రం అది తపస్సు. రోడ్డు పక్కన ఒక చెట్టు కనబడితే బండి ఆపి, నడుం మీద చేతులు పెట్టుకుని గంటసేపు చూసేవాడు. చెట్టు కొట్టేయడానికి వచ్చిన కాంట్రాక్టరేమోనని రైతులు వచ్చి నిలదీసేవారు. ఒకసారి నాకూ పాఠం చెప్పాడు.

"సైదులూ, నిటారుగ నిలవడితే అది చెట్టు గాదు రా, కరెంటు స్తంభం. మాను ఒక్క రంగుల ఉంటదా? జర బూడిద రంగు, జర నలుపు, ఆడాడ తుప్పు రంగు కలవాలె. ఎండ పడే దిక్కు ఆకు గుబురుగ ఉంటది, నీడ దిక్కు పల్సగ ఉంటది. కొమ్మ వంగాల్నంటే ఇటుకను తిప్పి వెట్టాలె, గిట్ల."

నేను "అచ్ఛా బావా, అచ్ఛా బావా" అంటూ అక్క పెట్టిన మురుకులు తిన్నాను. పాఠంలో నాకు గుర్తున్నది మురుకులే.

రెండేళ్ళు కూర్చుని బావ ఒక పెద్ద చెట్టు కట్టాడు. నా నడుము దాకా వచ్చేది. వేళ్ళు నేలను పట్టుకున్నట్టు పాకి, మాను మెలి తిరిగి, కొమ్మలు గొడుగులా విచ్చుకుని, సన్న సన్న ఆకుల మధ్య పసుపు పూలు. ఏం చెట్టని నేనడగలేదు. చెట్టు చెట్టే కదా అనుకున్నాను. ఫ్యాక్టరీ క్వార్టర్సులో సిమెంటు దుమ్ము ఆకుల మీద పేరుకుంటోందని, బావ దాన్ని మిర్యాలగూడలో మా ఇంటి పై గదిలో పెట్టి, సెలవు రోజుల్లో వచ్చి కట్టుకునేవాడు. మిగిలిన ఇటుకలు కూడా అట్టపెట్టెల నిండా అక్కడే ఉండేవి.

ఆ ఏడు బావకు ఒక కబురొచ్చింది. హైదరాబాదులో ఈ పిచ్చి ఉన్నవాళ్ళు ఇంకొంతమంది ఉన్నారట. అందరూ ఒక ఆదివారం ఒక హాల్లో చేరి ఎవరు కట్టినవి వాళ్ళు పెట్టి చూపించుకుంటారట. బావ తన చెట్టు ఫోటో పంపితే, తప్పకుండా రండి సార్ అని జవాబిచ్చారట. పెళ్ళైనప్పటి నుంచీ అందరి చేతా నవ్వించుకున్న మనిషిని మొదటిసారి ఎవరో సార్ అని పిలిచారు. ఆ రాత్రి బావ అన్నం సరిగ్గా తినలేదని, ఊరికే నవ్వుకుంటూ కూర్చున్నాడని అక్క చెప్పింది.

బావ ఫోన్ చేశాడు. "సైదులూ, ఫ్యాక్టరీ ఆపి రిపేర్లు చేసే షట్‌డౌన్ పని నడుస్తుంది, ఇప్పుడు రాలేను. శనివారం వస్త, ఆదివారం పొద్దుగాల రైలుకు చెట్టును తీస్కపోత. అందాంక జర భద్రం. ముట్టకు."

"నేనెందుకు ముట్టుత బావా? ఆ గదిల అడుగు వెట్టను" అన్నాను.

ఆ మాట మీద నేను పూర్తిగా రెండు గంటలు నిలబడ్డాను.

రెండు గంటల తర్వాత నాగరాజు వచ్చాడు. మా వాడ యూత్‌కు ప్రెసిడెంటు, నాకు చిన్నప్పటి దోస్తు. మొహం ఎండిన వక్కలా ఉంది.

"ఇజ్జత్ పోయేటట్టుంది రా. పక్క వాడోళ్ళు మండపంల థర్మకోల్ కొండ లేపిన్రు. నీళ్ళ మోటరు వెట్టి జలపాతం దుంకిస్తున్నరు. మనకేమున్నది? రెండు చీరలు, ఒక సీరియల్ లైటు."

ఇక్కడ నేను నోరు మూసుకుని ఉంటే ఈ కథ లేదు. నేను మూసుకోలేదు. "పైకి రా, ఒకటి సూపిస్త" అన్నాను.

చెట్టును చూసి నాగరాజు నోరు తెరిచాడు. "అరే! ఎవలు కట్టిన్రు రా గిది?"

ఎవరు కట్టారన్నది అంత కష్టమైన ప్రశ్నేమీ కాదు. రెండక్షరాల జవాబు, యాదగిరి కూడా అక్కర్లేదు, బావ అంటే సరిపోయేది. కానీ వాడి కళ్ళలో ఆ మెరుపు చూసేసరికి నా నాలుక దానంతటదే తిరిగింది.

"ఇంకెవలు? నేనే."

అత్త సొమ్ము అల్లుడు దానం చేశాడంటారు. మా ఇంట్లో బావ సొమ్ము బామ్మర్ది దానం చేశాడు. ఆ సాయంత్రమే చెట్టు మండపంలోకి చేరింది. శుక్రవారానికి మళ్ళీ గదిలో పెట్టేస్తే బావకు ఏం తెలుస్తుందిలే అనుకున్నాను.

ఉత్త చెట్టు పెట్టి ఊరుకుంటే నేను సైదులును ఎలా అవుతాను? మా పెరట్లో పడున్న పాత తలుపు రెక్కను తెప్పించి బల్లల మీద పడుకోబెట్టి, దాని మీద చెట్టును నిలబెట్టి తాళ్ళతో బిగించాను. బావ అట్టపెట్టెలు విప్పి, చెట్టు చుట్టూ ఒక మాయాలోకం కట్టడం మొదలుపెట్టాను. కైలాసమని తెల్ల ఇటుకలతో ఒక కొండ, దాని మీంచి నీలం ఇటుకల జలపాతం, కింద ఎర్రటి పుట్టగొడుగులు, ఒక రాజుగారి కోట, కోట ముందు రెక్కలున్న పెద్ద సర్పం. వినాయకుణ్ణి చేయబోతే కోతి అయిందంటారు, నాకు కోతి కూడా అవలేదు. కొండ దోసెల పెనంలా బోర్లా పడింది, జలపాతం సగంలో ఇటుకలైపోయి గాల్లో ఆగింది. మా ఎదురింటి ముత్తవ్వ వచ్చి వంగి వంగి చూసింది.

"చెట్టు మంచిగున్నది కొడుకా. ఎలుక పక్కపొంటి గా తొండ ఏంది?"

"తొండ గాదవ్వా, ఎగిరే పాము. నిప్పులు కక్కుతది."

"దేవుని కాడ నిప్పులు కక్కుడేంది రా, పందిరంటుకుంటది! జర అటు మళ్ళియ్యి దాని మూతి."

మూతి మళ్ళించాను. కానీ చెట్టు మాత్రం ఊరినంతా లాక్కొచ్చింది. పక్క వాడ జలపాతం దగ్గర ఈగలు తోలుకుంటుంటే మా మండపం ముందు వరసలు కట్టారు. నాగరాజు మైకు పట్టుకుని "ఈ అద్భుత వృక్షాన్ని స్వహస్తాలతో నిర్మించిన మన వాడ ముద్దుబిడ్డ సైదులు" అని పొద్దూ మాపూ అరుస్తుంటే, నేను కొత్త చొక్కా వేసుకుని చెట్టు పక్కనే నిలబడి అందరికీ నమస్కారాలు పెట్టాను.

చిక్కు పిల్లలతో వచ్చింది. నేను అటు తిరగ్గానే ఒకడు ఆకు పీకడం, ఇటు తిరగ్గానే ఇంకొకడు పువ్వు పీకడం. ఇలాగైతే శుక్రవారానికి బావకు మోడు మిగిలేటట్టుంది. కర్ర పట్టుకుని కాపలా ఉండలేక, ఒక బ్రహ్మాండమైన ఉపాయం వేశాను. మైకు తీసుకున్నాను.

"భక్తులారా! ఇది ఆట వస్తువు కాదు. స్వామివారి కల్పవృక్షం. దీన్ని ముట్టినోళ్ళకు జరం వస్తది. దూరం నుంచి మొక్కినోళ్ళకు కోరికలు తీరుతయ్!"

మైకులో చెబితే మా వాడలో అది నిజం. పిల్లలు ఆగిపోయారు. అంతటితో అయిపోయేదే, కానీ ఆ మర్నాడే ముత్తవ్వ తప్పిపోయిన బర్రె దానంతటదే ఇంటికొచ్చింది. ముందురోజు సాయంత్రం ఆమె చెట్టుకు మొక్కిందట. ఇక చూస్కోండి! మర్నాటి నుంచి ముడితే జరమన్న మాట మరిచి ఆడవాళ్ళు చెట్టుకు దారాలు కట్టడం, మొదలు దగ్గర పసుపు నీళ్ళు పోయడం, మానుకు బొట్లు పెట్టడం. పంతులుగారు కూడా హారతి వినాయకుడికి ఒక తిప్పు, చెట్టుకు ఒక తిప్పు తిప్పారు. నా గుండె పొంగిపోయింది. రెండేళ్ళు కూర్చుని బావ చెట్టునే చేశాడు, నేను మూడు రోజుల్లో దేవుణ్ణి చేశాను అనుకున్నాను, సిగ్గులేకుండా.

నిమజ్జనం రోజు వచ్చింది. గురువారం. ట్రాక్టరు వచ్చింది, డప్పులొచ్చాయి, ఎండ ఇంకా ఉండగానే బయల్దేరాలన్నారు. నేను మెల్లగా తాళ్ళు విప్పబోయాను.

"ఏం జేస్తున్నవ్ కొడుకా?" అంది ముత్తవ్వ.

"చెట్టును ఇంటికి తీస్కపోతున్న అవ్వా. స్వామిని సాగనంపుదాం, గిది ఇంట్ల వెట్టుకుంట."

డప్పులు ఆగిపోయాయి. నిజంగానే ఆగిపోయాయి.

"పూజ అందుకున్న దాన్ని ఇంట్ల వెట్టుకుంటవా? పెట్టిన పత్రి మళ్ళ ఇంటికి తీస్కపోతమా? స్వామితోని కూసున్నది స్వామితోనే పోవాలె. నీకు మంచిగున్నదేమో, వాడకు అరిష్టం!"

"అవ్వా, అది ఉత్త ప్లాస్టిక్!"

"మొన్నటిదాంక కల్పవృక్షమంటివి?"

పంతులుగారి వైపు చూశాను. ఆయన జంధ్యం సవరించుకుని, "నువ్వే కదా నాయనా హారతి ఇప్పించావు" అన్నారు. నాగరాజు నా చెవిలో గుసగుసలాడాడు. "పక్క వాడోళ్ళు సూస్తున్నరు రా. ఇప్పుడు ప్లాస్టిక్ అని లొల్లి చేయకు. ఎట్లా నువ్వే కట్టినవ్ గద, ఇంకోటి కట్టుకో."

చూశారా, ఒక్క మాట చాలు. ఇది నాది కాదు, మా బావది, ఆదివారం హైదరాబాదు తీసుకుపోవాలి అంటే ఆ ముసలమ్మలే తలుపు మోసి మా ఇంట్లో దించేవారు. పరాయి సొమ్ము దేవుడికి పనికిరాదని వాళ్ళకు తెలుసు. కానీ ఆ మాట అనాలంటే నేను కట్టలేదని కూడా అనాలి. కొత్త చొక్కాలో, ఊరందరి ముందు, అది నా నోట రాలేదు. నోరు మూసుకోవాల్సిన రోజు తెరిచాను, తెరవాల్సిన రోజు మూశాను.

అందరూ కలిసి తలుపుకు తలుపు ఎత్తి ట్రాక్టర్లో పెట్టారు. తలుపుకూ పసుపు అంటిందని తలుపును కూడా వదల్లేదు. కాలువ ఒడ్డున స్వామి మట్టి మనిషి, బుద్ధిమంతుడు, బుడుంగుమని మునిగాడు. తర్వాత తలుపు దించారు. అది కర్ర. దాని మీద ఉన్నది ప్లాస్టిక్. మునగమంటే ఎందుకు మునుగుతుంది? ఒకసారి ఊగి, సర్దుకుని, చెట్టుతో, కొండతో, కోటతో, ముందర తొండతో సహా పెద్ద పడవలా నీళ్ళ మధ్యకు వెళ్ళి కోదాడ దిక్కు సాగిపోయింది.

"మునగలే! సూసిన్రా, మునగలే! మహిమ!" అని ముత్తవ్వ నీళ్ళలో నిలబడి దండం పెట్టింది.

నేను నాగరాజు బండెక్కాను. కాలువ కట్ట మీద మేము, నీళ్ళలో చెట్టు.

"నీకు ఈత వస్తదా?" అన్నాడు వాడు బండి నడుపుతూనే.

"రాదు. నీకు?"

"రాదు. మరి ఎందుకు ఉరుకుతున్నం?"

"ఊకె నిలవడితే బాగుండదని."

కొంత దూరం పోయాక కట్ట మీద బురద. బండి దిగబడింది. చెట్టు మలుపు తిరిగింది. వెళ్ళేటప్పుడు దాని పసుపు పూల మీద ఎండ పడి నిజం చెట్టు కంటే అందంగా ఉంది. నాకు ఏడుపొచ్చింది. సిగ్గేం లేదు, బురదలో నిలబడి ఏడ్చాను.

మర్నాడు పొద్దున్నే బస్సెక్కి సూర్యాపేట పోయాను. రెండేళ్ళ చెట్టును ఒక్క రాత్రిలో కట్టేద్దామని. తెలివి అలాంటిది నాది. అక్కడ పెద్ద బొమ్మల దుకాణంలో అడిగాను.

"అన్నా, చెట్టు కట్టెతందుకు ఇటుకలు కావాలె."

"చెట్టుకు ఇటుకలెందుకు తమ్మీ? విత్తనాలు తీస్కపో. పక్క దుకాణమే."

"గట్ల గాదు, పిల్లలాడుకునే ఇటుకలు. ఆకుపచ్చయి, మట్టి రంగుయి. చానా కావాలె."

ఆయన లోపలికెళ్ళి దుమ్ము దులిపి ఒక డబ్బా తెచ్చాడు. అందులో రెండు గోడలు, ఒక కిటికీ, ఒక కుక్క ఉన్నాయి. "చెట్టు లేదు గానీ కుక్క ఉన్నది. తీస్కపో, మంచి మాల్" అన్నాడు.

ఆ దుకాణం మెట్ల మీద కూర్చుని అక్కకు ఫోన్ చేశాను. అంతా చెప్పాను.

"ఆయనకు నేనేం చెప్పాలె రా?" అంది అక్క. "నిన్న రాత్రే కొత్త అంగీ ఇస్త్రీ చేపిచ్చుకున్నడు."

తిట్టి ఉంటే బాగుండేది.

సాయంత్రానికి నాగరాజు ఎగురుకుంటూ వచ్చాడు. కోదాడకు ఇవతల కాలువ పక్క ఊళ్ళో వాళ్ళ మేనత్త ఉంది. తమ ఊరి తూము దగ్గరికి నీళ్ళ మీద దేవుడి చెట్టు కొట్టుకొచ్చిందని, ఊరంతా మొక్కుతోందని ఆమె ఫోన్ చేసిందట. శనివారం పొద్దున్నే బయల్దేరుతూ అక్కకు ఆ ఊరి పేరు చెప్పాను.

గొర్లూ మేకలూ కాసుకునేవాళ్ళు ఎక్కువున్న ఊరది. తాటాకు పందిరి వేసి, కింద ముగ్గు పెట్టి, తలుపును అలాగే నిలిపారు. కొండ సగం కొట్టుకుపోయింది. కోట లేదు. చెట్టు వంకరగా నిలబడి ఉంది, ఒక పెద్ద కొమ్మ విరిగి ఆ ముక్కలు గంపలో పోసి ఉన్నాయి. కొక్కెం కర్రతో దాన్ని తూము నుంచి లాగిన మల్లమ్మ అనే పెద్దామె పక్కనే మంచం వేసుకుని కూర్చుంది. చుట్టూ జనం, జనం మధ్య ఆమె మేక.

"అవ్వా, ఆ చెట్టు నాది. తీస్కపోదామని వచ్చిన" అన్నాను.

"నీదా? కూసో బిడ్డా" అంది శాంతంగా. "తప్పిపోయిన గొర్రె మా మందల కలుస్తది. ఎవడో వచ్చి నాదంటే ఇడుస్తమా? గుర్తు చెప్పాలె. చెప్పినోనికి సల్ల వోసి, గొర్రెనిచ్చి పంపుతం. చెప్పనోనికి..." అని కొక్కెం కర్ర వైపు చూసింది. "చెప్పు. గిది ఏం చెట్టు?"

"కల్పవృక్షం."

జనం నవ్వారు.

"అంటే... మామిడి."

ఇంకా గట్టిగా నవ్వారు.

"చింత?"

"ఓరి బేకూఫ్! పచ్చపూలు కనవడ్తలెవ్వా? కొమ్మకొమ్మకు తెల్ల ముండ్లు కనవడ్తలెవ్వా? నల్లతుమ్మ గద! మా మేకలనడిగినా చెప్తయ్!"

చూశాను. నిజమే, ప్రతి కొమ్మకూ సన్నటి తెల్ల ముళ్ళు, జతలు జతలుగా. అన్ని రోజులు దాని పక్కన నిలబడి నమస్కారాలు పెట్టిన నేను అవి అలంకారం అనుకున్నాను.

"నేనే కట్టిన అవ్వా, ఒట్టు!" అన్నాడు నాలోని ఆ కొత్త చొక్కావాడు. ఇంకా చావలేదు వాడు.

"అట్లనా? కుంటే గొర్రె కాలు ఎట్ల కట్టాల్నో దాని ఆసామికే తెలుస్తది. గో, ఇరిగిన కొమ్మ. అతుకు, సూస్తం."

గంప నా ముందు పెట్టారు. చెమటలు కారుతుండగా ఒక ఇటుక మీద ఒక ఇటుక పెట్టాను. కొమ్మ వంగాలంటే ఏదో తిప్పాలన్నాడు బావ, ఏది తిప్పాలో మురుకులతో పాటు మింగేశాను. నా కొమ్మ మాను పక్క నుంచి లేచి నిటారుగా ఆకాశంలోకి పోయింది. అంచెలంచెలుగా సన్నబడుతూ. పండులా ఉంటుందని కొసన ఒక ఎర్ర ఇటుక పెట్టాను. మల్లమ్మ మేక వచ్చి వాసన చూసి, తుమ్మి, మొహం తిప్పుకుని వెళ్ళిపోయింది.

జనంలో ఒకాయన ఫోన్ తీసి దాని వైపు ఎత్తి చూశాడు. "అవ్వా, వీణ్ణి ఏమనొద్దే! మూడేండ్ల సంది మన ఊళ్ళె లేని సిగ్నల్ వచ్చింది!"

పందిరి ఎగిరిపోయేలా నవ్వారు. నాగరాజు కూడా నవ్వాడు, దోస్తు ద్రోహి. సరిగ్గా ఆ నవ్వుల మధ్యలో బండి ఆగిన చప్పుడైంది. యాదగిరి బావ. షట్‌డౌన్ పని నుంచి నేరుగా వచ్చినట్టున్నాడు, కనుబొమల మీద కూడా సిమెంటు పొడి. నా వైపు చూడలేదు. విరిగిన చెట్టును చూశాడు. ఆ చూపు నేను చూడకుండా ఉంటే బాగుండేది.

"నేను కట్టలే" అన్నాను. "అబద్ధం చెప్పిన. కట్టింది మా బావ. అడగకుండ తీస్కపోయి దేవుణ్ణి జేసిన. రెండేండ్లు కట్టిండు. రేపు హైదరాబాద్ తీస్కపోవాలె. నన్ను ఆ కర్రతోని కొట్టున్రి, చెట్టు మాత్రం మా బావకు ఇయ్యిన్రి."

ఎవరూ నవ్వలేదు. బావ గొంతుక్కూర్చుని నేను కట్టిన టవరును ఒక్క చేత్తో పీకి గంపలో వేశాడు. తలెత్తి ఎండ ఎటు నుంచి వస్తోందో చూశాడు. జేబులోంచి సన్న ఇటుకలున్న చిన్న డబ్బా తీశాడు. ఇటుకను కాస్త తిప్పి ఒకటి, దాని పక్కకు ఒరిగి ఇంకొకటి, మధ్యలో బూడిద రంగు, చివర ముళ్ళు. కొమ్మ వంగి, పక్కకు పాకి, గుబురైంది. మల్లమ్మ మేక మళ్ళీ వచ్చింది. ఈసారి వాసన చూడలేదు, నేరుగా కొసన ఉన్న ఆకులు నోట్లో వేసుకుని నమిలింది.

"ఏయ్, ఏయ్!" అని అందరూ అరుస్తుంటే బావ చెయ్యి అడ్డం పెట్టి ఆపాడు. "తిననియ్యున్రి" అన్నాడు. అతని మొహంలో అంత వెలుగు నేను అతని పెళ్ళిలో కూడా చూడలేదు.

"సల్ల తేన్రి ఆసామికి" అంది మల్లమ్మ. మజ్జిగ ముంత బావ చేతికొచ్చింది. మేక నోట్లోంచి ఆకులు కూడా ఆమే తీసి ఇచ్చింది. తర్వాత లేచి ఆడవాళ్ళను కేకేసింది. "నీళ్ళ మీద మనింటికి వచ్చింది, ఆడిబిడ్డ లెక్క. ఉత్త చేతులతోని పంపొద్దు." మానుకు కొత్త రవిక గుడ్డ కట్టి, అందులో ఒడిబియ్యం పోసి, డప్పు కొట్టించి చెట్టును ఆటో ఎక్కించారు. బావ దాని పక్కన కూర్చున్నాడు. తొండను ఎవరూ ఉంచుకోలేదు, అది నా ఒళ్ళో వచ్చింది.

"బావా, తప్పైంది. నిజంగ తప్పైంది" అన్నాను మిర్యాలగూడ వచ్చేదాకా నాలుగైదుసార్లు. బావ చెట్టు ఊగకుండా పట్టుకుని కూర్చున్నాడు. ఇంటికొచ్చాక ఇద్దరం పళ్ళు తోముకునే బ్రష్షులతో చెట్టును కడిగాం. కాలువ ఒండ్రు సందుల్లోంచి పోలేదు. పసుపు ఆకుల అంచుల్లోంచి పోలేదు. మాను మీద కుంకుమ మరక తుప్పులా నిలిచిపోయింది. బావ బ్రష్ పడేసి, "నడువనీయ్, ఇగ టైం లేదు" అన్నాడు. ఆ మాట ఎంత అలసటగా అన్నాడో నాకిప్పటికీ వినిపిస్తుంది.

ఆదివారమంతా నేను అన్నం తినలేదు. పొద్దుగూకే వేళకు బావ వచ్చాడు. అక్క గుమ్మంలోనే ఎదురెళ్ళింది. "ఏమన్నరు?"

బావ తీరిగ్గా చెప్పులు విడిచాడు. "అందరు వచ్చి నా చెట్టు కాడనే నిలవడ్డరు. మాను పగుళ్ళల్ల మట్టి ఎట్ల దిగింది, ఆకు అంచులు ఎట్ల పండినయ్, గా తుప్పు మరక ఎట్ల తెచ్చినవ్, గింత నిజం లెక్క మేమెన్నడు సూడలేదు అన్నరు. అది నాకు రాదు, మా బామ్మర్ది చేసిండు అన్న."

నా ఛాతీ అప్పుడే లేవడం మొదలుపెట్టింది, కుక్క తోక లాంటిది అది. "నిజంగ నా పేరు చెప్పినవా బావా?"

"చెప్పిన. వాళ్ళు నోట్‌బుక్కులు తీసి, ఆ పద్ధతేందో చెప్పున్రి సార్ అన్నరు. ముందుగాల మన సొమ్మును మనల్ని అడగకుండ ఎత్కపోయే బామ్మర్ది ఒకడు ఉండాలె, వాడు కాల్వల పారేసొస్తడు, మిగిలింది నీళ్ళే చూసుకుంటయ్ అని రాపిచ్చిన."

అక్క చీర కొంగు నోట్లో కుక్కుకుంది. బావ చూస్తూ చూస్తూ పగలబడి నవ్వాడు. నేనూ నవ్వాను, కళ్ళ నీళ్ళు తుడుచుకుంటూ.

కాబట్టి మహాజనులారా, సాగర్ ఎడమ కాలువ సాక్షిగా, అందులో ఇంకా ఎక్కడో తేలుతున్న కైలాసం సాక్షిగా నేను ప్రతిజ్ఞ చేస్తున్నాను. పరాయివాడు కట్టినదాని పక్కన కొత్త చొక్కా వేసుకుని నిలబడను. ముళ్ళున్న దేన్నీ కల్పవృక్షం అనను. ముఖ్యంగా, మైకు ముట్టను. మొన్న నా పెళ్ళిలో పందిరి చాలా బాగుంది, ఎవరు వేశారని ఎవరో మెచ్చుకుంటే, నేను ఊపిరి కూడా పీల్చకుండా టెంట్ హౌస్ ఆయన పేరు, ఆయన తండ్రి పేరు, షాపు అడ్రసు చెప్పేశాను.